వేసినవాళ్ళే ఊడ్చాలి

మా గ్రౌండులో పడ్డ గోల్ ఒక్కటి కూడా నా కన్ను దాటి పోలేదు. కంచె లేని రోజుల నుంచి, గోల్‌కీపర్ సిగరెట్ కాల్చుకుంటూ బంతి కోసం ఎదురుచూసే రోజుల నుంచి ప్రతి గోలూ చూశాను. గాలి ఎటు వీచిందో, కొట్టినవాడు ఏ కాలితో కొట్టాడో, ముందు రోజు వాడి పెళ్ళాం వాడితో మాట్లాడిందో లేదో కూడా చెప్పగలను. నమ్మకపోతే మా విస్తిన్‌ని అడగండి. మ్యాచ్ రోజుల్లో సాసేజీలు కాల్చే విస్తిన్ అబద్ధం ఆడడు. ఆడేంత తెలివి వాడికి లేదు.

మెల్‌బోర్న్ పడమటి పేటల్లో రెండు ఫుట్‌బాళ్ళున్నాయి. కాలితో తన్నేది మాది. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది వాళ్ళది. పేరు మాత్రం వాళ్ళు ఉంచేసుకున్నారు. మాదాన్ని సాకర్ అంటారు, అదేదో చర్మవ్యాధి అయినట్టు. కోడిగుడ్డు ఆటగాడికి మోకాలు నొప్పి పుడితే పత్రికలో పేజీ నిండా మోకాలు. మా క్లబ్బు గెలిచినా ఓడినా వేలెడు చోటుండదు. కుక్కల పందేల ఫలితాలకు మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఆ కుక్కల పేర్లన్నీ మాకు కంఠతా వచ్చు.

అయితే ఆ పత్రిక వల్ల మాకొక ఉపకారం ఉంది. మేం మాల్టా దీవి నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళం. అక్కడ పండగనాడు ఊళ్ళో దేవుడి ఊరేగింపు వస్తుంటే మేడల మీంచి చింపిన కాగితాలు గుప్పిళ్ళతో చల్లుతారు. వీధంతా మంచు పడ్డట్టు ఉంటుంది. మర్నాడు పొద్దున్నే ఎవరి మేడ మీంచి పడ్డ కాగితాలు ఆ ఇంటి ఆడవాళ్ళే వచ్చి ఊడుస్తారు. ఇక్కడ మాకు మేడలూ లేవు, ఊరేగింపూ లేదు. అందుకని గోల్ పడితే చల్లుతాం. మర్నాడు వేసినవాళ్ళే ఊడ్చాలి. మా గురించి రాయని పేజీలే చింపుతాం కనక కాగితానికి ఏనాడూ కరువు రాలేదు.

ఈ కాగితాల పని పౌలీనాది. అంతకుముందు ఆమె అత్తగారిది. పౌలీనా అరవై దాటిన మనిషి, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. పొద్దున్నా సాయంత్రం స్కూలు ముందు పిల్లల్ని రోడ్డు దాటించే ఉద్యోగం. నారింజ రంగు కోటు, వెడల్పంచు టోపీ, కర్రకి 'ఆగు' అని రాసిన గుండ్రటి పలక, మెడలో విజిల్. కోటు జేబు మీద ఆ ఉద్యోగమిచ్చిన మున్సిపల్ కౌన్సిల్ ముద్ర ఉంటుంది. రోడ్డు మీద ఒక్క కారు లేకపోయినా, పచ్చ దీపం వెలిగేదాకా కదలని మనిషి. ఒకసారి దీపం చెడిపోతే మధ్యాహ్నం దాకా ఒకే మూల నిలబడిందని చెప్పుకుంటాం. అది నేను పుట్టించిన మాటే గానీ, విన్నవాళ్ళెవరూ కాదనలేదు.

ఆ చలికాలం కప్పు పోటీలో మాకు పెద్ద క్లబ్బుతో మ్యాచ్ పడింది. వాళ్ళు జీతాలు తీసుకుని ఆడతారు. మావాళ్ళు పని దిగి వచ్చి ఆడతారు. అది కూడా మా గ్రౌండులోనే. టీవీ కెమెరాలు వస్తాయన్నారు. వారం ముందు నుంచి పౌలీనా క్లబ్బు వంటగదిలో కూచుని కాగితాలు చింపింది. పేజీని నిలువుగా చింపితే దారం పట్టినట్టు తిన్నగా వస్తుంది, అడ్డంగా అయితే వంకర్లు పోతుంది. ముందు నిలువుగా పట్టీలు, తర్వాత పది పట్టీలు కలిపి పట్టుకుని బొటనవేలి గోరంత ముక్కలు. పెద్దవైతే రాళ్ళలా కింద పడతాయి, మరీ చిన్నవైతే కళ్ళల్లో పడతాయి. పక్కన నేను పాస్తిత్సీలు, అదే, జున్ను కూరిన పొరల కజ్జికాయలు తింటూ సలహాలిచ్చాను. నూనె చేతులతో కాగితాలు ముట్టుకోవద్దని తప్ప ఆమె నాతో ఏమీ అనలేదు.

మ్యాచ్ బుధవారం సాయంత్రం. స్కూలు పని దిగి పౌలీనా తిన్నగా గ్రౌండుకి వచ్చింది. గాలి కత్తిలా ఉంది. ఆమె దగ్గరున్న బట్టల్లో వెచ్చనిది ఆ నారింజ కోటే. డ్యూటీలో తప్ప వేసుకోకూడదని నియమం. తీసి మడిచి సంచిలో పెట్టింది. కాసేపు వణికింది. మళ్ళీ వేసుకుంది. ఆ మనిషి జన్మలో తప్పిన నియమం అదొక్కటే.

మొదటి సగంలోనే గోల్ పడింది. మాదే. కొట్టింది డేరెన్ గ్రెక్. పగలు స్నానాల గదుల్లో టైల్స్ వేసి, సాయంత్రం మోకాళ్ళకి అంటిన సిమెంటు కడుక్కుని వచ్చే కుర్రాడు. ఎలా కొట్టాడో వివరంగా చెబుదును గానీ, సరిగ్గా అప్పుడు నేను విస్తిన్ పొయ్యి వెనక ఉన్నాను. సాసేజీల కొవ్వు కారి మంట లేచి, తెల్లటి పొగ స్టాండంతా కమ్మేసింది. నాకు డేరెనూ కనపడలేదు, బంతీ కనపడలేదు. నా చేతిలో ఉన్న సాసేజీయే సరిగ్గా కనపడలేదు. అరుపు విని నేనూ అరిచాను. అంచేత మొదట్లో నేనన్న మాటని కాస్త సవరించుకోండి. ఆ ఒక్క గోల్ తప్ప.

ఆ పొగలో పౌలీనా లేచి నిలబడి, నోరంతా తెరిచి, చెయ్యి పైకెత్తి కాగితాలు చల్లింది.

తర్వాత వాళ్ళు నాలుగు గోల్స్ కొట్టారు. అయినా ఆట అయ్యాక రెండు జట్లకీ చప్పట్లు కొట్టి, ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా ఇళ్ళకి పోయాం. ఆ రాత్రి మా గ్రౌండులో జరిగిన పెద్ద ప్రమాదం విస్తిన్ కనుబొమలు కాలడం.

*

గురువారం పొద్దున పౌలీనా ఎప్పటిలాగే స్కూలు ముందు రోడ్డు పక్క గుంతల్లో, పిల్లలు దాటే చోటని కార్లవాళ్ళకి తెలిసే జెండాలు పాతింది. ఆమె పద్ధతి ఒకటుంది. ముందు ఒక కాలు రోడ్డు మీద పెడుతుంది. పలక ఎత్తుతుంది. అటు డ్రైవర్ కళ్ళలోకి, ఇటు డ్రైవర్ కళ్ళలోకి చూస్తుంది. అప్పుడు రోడ్డు మధ్యకి నడిచి విజిల్ రెండుసార్లు ఊదుతుంది. ఆ విజిల్ వినపడందే పిల్లలు అడుగు వెయ్యరు. కుక్కలు కూడా వెయ్యవు.

ఆ రోజు ట్రేసీ అనే తల్లి విజిల్ కోసం ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, పౌలీనాని తప్పించుకుని, కార్ల మధ్యలోంచి ఈడ్చుకుపోయింది. పౌలీనా పలక పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అటు చేరాక ట్రేసీ వెనక్కి తిరిగి అంది:

"నీ చేతుల్లో పెడుతున్నాం చూడు, పసిపిల్లల్ని."

ఆమె చంకలో మడిచిన పత్రిక ఉంది.

పిల్లలందరూ లోపలికి వెళ్ళాక పౌలీనా జెండాలు పీకి, చుట్టి, మూల కొట్టుకి వెళ్ళి పత్రిక కొంది. మొదటి పేజీ నిండా తనే. నోరు తెరిచి, చెయ్యెత్తి, వెనకాల పొగ. దీపాల వెలుగులో కాగితం ముక్కలు పగిలిన పెంకుల్లా మెరుస్తున్నాయి. జేబు మీద కౌన్సిల్ ముద్ర స్పష్టంగా ఉంది. పైన 'సాకర్ రౌడీల వీరంగం' అని పెద్దక్షరాలు. కింద, పొగబాంబుల మధ్య మైదానంలోకి వస్తువులు విసురుతున్న మహిళ అని.

ఆమె ఆ పేజీ చూసి, తిప్పింది. తర్వాతి పేజీ చదివింది. దాని తర్వాతదీ చదివింది. కొట్టతను, ఏం వెతుకుతున్నావమ్మా అని అడిగాడట. గోల్ కొట్టిన పిల్లాడి పేరు వెతుకుతున్నానంది. చివరి పేజీ దాకా చూసింది. మోకాళ్ళున్నాయి, కుక్కలున్నాయి. డేరెన్ లేడు.

కొట్టు గుమ్మంలో ఉండగానే కౌన్సిల్ నుంచి ఫోన్. ఈ ఉద్యోగాలు చూసే లియాన్ అనే ఆవిడ. మర్యాదగానే మాట్లాడింది. సాయంత్రం డ్యూటీకి రావద్దనీ, సోమవారం ఆఫీసుకి రమ్మనీ, తల్లిదండ్రుల నుంచి ఫోన్లు ఆగడం లేదనీ చెప్పింది. పౌలీనా సరేనంది. జెండాలెవరు పాతుతారని మాత్రం అడిగింది.

ఇంటికి వెళ్ళి కోటు తీసి వంకెకి తగిలించింది. పోయిన మొగుడి ఉన్ని చొక్కా తొడుక్కుంది. తలకి గుడ్డ కట్టుకుంది. చీపురు తీసుకుని గ్రౌండుకి బయల్దేరింది.

*

నేనప్పటికే అక్కడున్నాను, ఊడవడంలో సాయం చేద్దామని. సాయం అంటే, కింది మెట్టు మీద కూచుని ఎక్కడ మిగిలిందో చూపించడం. ఆమె పై మెట్టు నుంచి మొదలుపెట్టి, బల్ల కింద చీపురు అడ్డంగా పోనిచ్చి, ముక్కల్ని మెట్టు మీంచి మెట్టు మీదకి దింపుకుంటూ వచ్చింది. పత్రిక నేనూ చూశాను. ఏదో ఒకటి అనాలని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను. నేను మాట మింగిన రోజులు తక్కువ.

అంతలో టీవీ వాళ్ళ వ్యాను వచ్చింది. మెరిసే బూట్ల కుర్రాడొకడు మైకు పట్టుకుని దిగాడు, వెనక కెమెరా. విధ్వంసం జరిగిన చోటు చూపించాలట. విధ్వంసం కోసం అటూ ఇటూ వెతికి, దొరక్క, పౌలీనా ఇంకా ఎత్తని కాగితాల కుప్పని తీశారు. కెమెరా కింద పెట్టి తీస్తే అది కొండంత కనపడింది. తర్వాత కుర్రాడి కన్ను ఆమె మీద పడింది. ముసలావిడ, తలగుడ్డ, చీపురు. వాడి మొహం కరిగిపోయింది.

వంగి, చిన్నపిల్లని పలకరించినట్టు పలకరించాడు. ఇలాంటి పనులు చేసినవాళ్ళ చెత్త ఈ వయసులో మీరెత్తాల్సి రావడం బాధగా లేదా అన్నాడు. పౌలీనా వాడి వంక చూసింది. నన్ను చూసింది. వాడికి తనెవరో తెలియలేదని మాకిద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ పొద్దున లక్ష ఇళ్ళల్లో చూసిన మొహం అది. వాడి చంకలోనే ఉంది ఆ పత్రిక.

"ఆ పత్రికలో ఆవిడ మీకు తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు."

"ఆవిడకి ఏం చెప్తారు మీరు?"

పౌలీనా చీపురు రెండు చేతులా పట్టుకుని ఆలోచించింది.

"మా దగ్గర వేసినవాళ్ళే ఊడ్చాలి, నాయనా. ఆవిడకది తెలుసు."

వాడి కళ్ళు మెరిశాయి. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పింది. గోల్ కొట్టింది డేరెన్ గ్రెక్ అని కూడా చెప్పింది. పేరు ఎలా పలకాలో నిదానంగా రెండుసార్లు పలికింది. వాడు తలూపి కెమెరా ఆపమన్నాడు.

సాయంత్రం క్లబ్బులో అందరం టీవీ ముందు కూచున్నాం. ముందు పత్రికలోని బొమ్మ వేశారు, నారింజ కోటు, పొగ. తర్వాత తలగుడ్డతో పౌలీనా. 'రౌడీల మీద మండిపడ్డ క్లబ్బు పెద్దావిడ' అని కింద రాశారు. 'వేసినవాళ్ళే ఊడ్చాలి' అన్న ముక్క వేసి, డేరెన్ పేరు కత్తిరించేశారు. ఒక్క నిమిషంలో ఒకే మనిషిని తిట్టారు, ఆమె మీదే జాలీ పడ్డారు, ఆ తిట్టు కూడా ఆమె చేతే తిట్టించారు. విస్తిన్ నవ్వి నవ్వి బల్ల మీంచి పడ్డాడు. కనుబొమల్లేని మొహం నవ్వితే ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను.

పౌలీనా నవ్వలేదు. టీవీ ఆపమంది.

"పొద్దున చూళ్ళేదు, ఇప్పుడూ చూళ్ళేదు. నేనెదురుగా నిలబడితే కూడా వాళ్ళు ముందే రాసుకున్నదే చదువుకుంటున్నారు."



*

శుక్రవారం రాత్రి నగరంలో పెద్ద స్టేడియంలో కోడిగుడ్డు ఆట జరిగింది. స్టాండులో తాగినవాళ్ళు కొట్టుకుంటే ఒకడి దవడ విరిగింది. శనివారం పత్రికలో వెతికి వెతికి పట్టాను. లోపలెక్కడో, పరుపుల దుకాణం ప్రకటన కింద, నాలుగు వరుసలు. అభిమానుల ఉత్సాహం కాస్త పొంగిందట. దవడ విరిగితే ఉత్సాహం, కాగితం ఎగిరితే విధ్వంసం. ఆ నాలుగు వరుసలూ కత్తిరించి క్లబ్బు గోడకి అంటించాను. సాల్వు వచ్చి పీకేశాడు.

సాల్వు మా క్లబ్బు అధ్యక్షుడు. మంచివాడు, భయస్థుడు, రెండూ ఒక్క మనిషిలో పట్టేంత లావు. గ్రౌండు కౌన్సిల్‌ది, లీజు వచ్చే ఏడు తీరుతుంది. మా గ్రౌండు మూయించాలని పత్రికలో అప్పుడే ఒకాయన రాశాడు. మ్యాచ్ చూసినవాడు కాదు, బొమ్మ చూసినవాడు. లియాన్ సాల్వుకి కూడా ఫోన్ చేసిందట. తను చేసింది తప్పని, ఇంకెప్పుడూ చెయ్యనని పౌలీనా ఒక కాగితం మీద సంతకం పెడితే, దాన్ని పత్రికకి పంపి గొడవ ముగించేస్తారు. ఉద్యోగం కూడా ఉంటుంది.

శనివారమంతా సాల్వు ఆమె చుట్టూ తిరిగాడు. మనది కాని దేశంలో తల వంచుకు పోవాలన్నాడు. పౌలీనా పాస్తిత్సీల పిండి లాగుతోంది. ఆ పిండిని పల్చగా, అవతలి చెయ్యి కనపడేంత పల్చగా సాగదీయాలి, చిరగకూడదు.

"ఇక్కడికొచ్చి యాభై ఏళ్ళు దాటింది, సాల్వూ. ఎవరి దేశంరా ఇది మరి?"

"అది కాదక్కా. ఒక్క సంతకం. నువ్వు పెట్టకపోతే పిల్లల్ని నీ చేతికివ్వరు. ఆ రోడ్డు లేకపోతే నువ్వేం చేస్తావ్ పొద్దున లేచి?"

పిండి చిరిగింది. నేనెరిగాక ఆమె చేతిలో పిండి చిరగడం అదే మొదలు. ఆమె దాన్ని ముద్ద చేసి మళ్ళీ మొదలుపెట్టింది. సాల్వు అన్నది నిజమని మా అందరికీ తెలుసు. ఆమె ఇంట్లో పొద్దున్నే లేపేవాళ్ళు లేరు. ఆ పిల్లలే లేపుతారు. కాసేపటికి, సోమవారం వస్తాను, సంతకం సంగతి చూద్దాం అంది.

*

సోమవారం కౌన్సిల్ ఆఫీసులో నేను లేను. సాల్వు ఉన్నాడు. సాల్వుకి ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం తప్ప వేరే విద్య రాదు కనక, ఇది నమ్మొచ్చు.

పౌలీనా నల్ల గౌను వేసుకుని, జుట్టు దువ్వుకుని, కొత్తగా ఇస్త్రీ చేసిన నారింజ కోటు మడిచి ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తీసేస్తే అక్కడే ఇచ్చేద్దామని తెచ్చుకుంది. లియాన్ బల్ల మీద పత్రిక పెట్టింది, పక్కన సంతకం పెట్టాల్సిన కాగితం పెట్టింది, పెన్ను పెట్టింది. డ్యూటీ లేనప్పుడు కోటు వేసుకున్నారా అని అడిగింది. చలేసి వేసుకున్నాను, తప్పేనంది పౌలీనా. వస్తువులు విసిరారా అని అడిగింది. కాగితాలు చల్లానంది. పొగబాంబుల సంగతి అడిగింది. సాసేజీలంది. లియాన్ దానికి నిట్టూర్చింది.

ఆమె దుర్మార్గురాలు కాదని సాల్వు ఇప్పటికీ అంటాడు. మనసు మార్చాలనే చూసింది. మీ క్లబ్బులోనే ఎంత పెద్దమనిషి తరహా వాళ్ళున్నారో చూడండి, మీ వయసావిడే, అంటూ తన కంప్యూటర్ ఇటు తిప్పి టీవీ ముక్క వేసింది. తలగుడ్డ, చీపురు. వేసినవాళ్ళే ఊడ్చాలి, ఆవిడకది తెలుసు.

"చూశారా? ఆ మాట మీకెందుకు తట్టలేదు?" అంది లియాన్.

పౌలీనా చేతిసంచి తెరిచింది. అందులోంచి తలగుడ్డ తీసింది. మూలకి మూల కలిపి మడిచి, తల మీద వేసుకుని, గడ్డం కింద ముడి వేసింది. చేతులు మళ్ళీ కోటు మీద పెట్టుకుని కూచుంది.

లియాన్ తెర వంక చూసింది. ఎదురుగా ఉన్న మొహం చూసింది. పత్రిక తన వైపు తిప్పుకుని దాన్నీ చూసింది, ఈసారి దగ్గరగా.

"గురువారం పొద్దున... మేం ఫోన్ చేశాక, మీరు వెళ్ళి ఊడ్చారా?"

"ఇంకెవరూడుస్తారమ్మా? వేసింది నేను కదా."

లియాన్ సంతకం కాగితాన్ని, ఇక అక్కర్లేదన్నట్టు, రెండుగా మడిచింది. పౌలీనా ఆ కాగితం ఇమ్మని చెయ్యి చాపింది. వెనక వైపు తన చేత్తో, డ్యూటీ లేనప్పుడు కోటు వేసుకున్నందుకు క్షమించండి అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఆ పైన ఒక్క ముక్క కూడా రాయలేదు. కాగితాల సంగతో అని సాల్వు మెల్లిగా గొణిగాడట, వాడి భయం వాడిది. అవి ఊడ్చేశాను కదరా అంది.

మంగళవారం పొద్దున మళ్ళీ ఆ కోటు వేసుకుని గుంతల్లో జెండాలు పాతింది. ట్రేసీ కూతురితో వచ్చింది. అంచు దగ్గర ఆగింది. పౌలీనా కాలు రోడ్డు మీద పెట్టి, పలక ఎత్తి, అటూ ఇటూ కళ్ళల్లోకి చూసి, మధ్యకి నడిచి, విజిల్ రెండుసార్లు ఊదింది. అప్పుడు కదిలింది ట్రేసీ. సగం దూరంలో ఆగి, శుక్రవారం దవడ విరిగింది మా తమ్ముడిదే అంది. పత్రికలో చదివావా అని అడిగింది.

"నాలుగు వరుసలు చదివాను. ఎలా ఉన్నాడు?"

"గొట్టంతో తాగుతున్నాడు."

"మెత్తటి పులుసు చేసిస్తాను, సాయంత్రం తీసుకెళ్ళు. ఇప్పుడు కదులమ్మా, కార్లాగాయి."

ఆ వారాంతంలో పత్రిక కూడా దిగి వచ్చింది. లోపలి పేజీలో, కుక్కల పందేల కింద, పోస్టల్ స్టాంపంత చోటులో వేశారు: బుధవారం నాటి బొమ్మలో ఉన్నది కాగితాలూ సాసేజీల పొగానూ, చింతిస్తున్నాం, ఆ మ్యాచ్‌లో స్థానిక జట్టు గోల్ కొట్టినది డేరెన్ గ్రెక్. పౌలీనా ఆ పేజీని మాత్రం చింపకుండా దాచుకుంది.

ఇందాకటి నుంచి నా మాటల్లో దేన్ని నమ్మాలా అని చూస్తున్నట్టున్నారు. మైకు కుర్రాడు ఆమెని గుర్తుపట్టకపోవడం నిజం. తలగుడ్డ ముడి నిజం. విస్తిన్ కనుబొమలు ఇప్పటికీ సరిగ్గా రాలేదు, వచ్చి చూసుకోవచ్చు. మీకు చెప్పకుండా నేను కల్పించింది ఒక్కటే, ఆ స్టాంపంత చోటు. పత్రిక ఏమీ వెయ్యలేదు. ఆ వారమూ వెయ్యలేదు, తర్వాతా వెయ్యలేదు. ఆ పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని నేనిక్కడ రాశాను. డేరెన్ గ్రెక్. ఎడమ కాలితో కొట్టాడట.